కొల్లేరును సర్కారు సరిగ్గా చూసుకుంటోందా? పక్షులతో పాటు చేపల్నీ లెక్కపెట్టి చెప్పండి

కొల్లేరులోని ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) వేలల్లో గూళ్లు కడుతుంటే కొల్లేరు పాడైందని ఎందుకంటారు, అటవీశాఖ పనిని దేంతో తూచాలి అని అడిగారు. మాది కైకలూరు వైపు లంక గ్రామం. మా నాన్న దోనె మీద వెళ్లి మావులు (ఈనెలతో అల్లిన చేపల బుట్టలు) పెట్టి బతికిన మనిషి. అందుకే ఇంత రాస్తున్నాను.

ఆటపాక పని మెచ్చుకోవాల్సిందే. నీళ్లలో చెట్లు ఎండి కూలిపోతుంటే ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, గూడబాతులు వాటి మీదే పిల్లల్ని లేపుకుంటున్నాయి. చూస్తే కడుపు నిండుతుంది.

కానీ అది అభయారణ్యంలో ఓ మూల. మొత్తం 308 చదరపు కిలోమీటర్లు. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపొచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు మళ్లీ లేచాయి. గట్టు లేచిన చోట కొల్లేట్లోకి వచ్చే బుడమేరు, తమ్మిలేరు నీళ్లు పరుచుకోవడానికి జాగా ఉండదు. వేసవిలో, కొల్లేరును సముద్రంతో కలిపే ఉప్పుటేరు నుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది. నాటు చేప గుడ్లు పెట్టుకునే గడ్డి మడుగులు పోతాయి. ఇదేదీ పక్షుల లెక్కలో కనబడదు.

మొన్న వేసవిలో తెల్లారకముందే నాన్నతో వెళ్లి ఒక మావు ఎత్తాను. నా చిన్నప్పుడు దాన్ని దోనెలో గుమ్మరిస్తే ఇంగిలాయిలు, మార్పులు, గొరకలు అనే నాటు చేపలు గిలగిలా కొట్టుకునేవి. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలిపేది. ఈసారి పడ్డవి నాలుగు జెల్లలు, ఒక దెయ్యం చేప (బయటి దేశం నుంచి వచ్చిన సక్కర్ చేప). దాని ఒళ్లంతా గరుకు పెంకు. ఇరుక్కుపోతే మావు ఈనెలు రెండు విరిచి తీయాల్సొచ్చింది. నాన్న ఏమీ అనలేదు, దోనె తిప్పేశారు.

నాటు చేపల లెక్క ఎవరైనా రాస్తున్నారేమో కనుక్కుందామని రెండు ఆఫీసులు తిరిగాను. ఒకచోట చేపలు మా పని కాదన్నారు. రెండోచోట అభయారణ్యం లోపలి నీళ్లు మావి కావన్నారు. మరి కొర్రమీను ఎవరిది?

అందుకే నా సలహా, సమాచార హక్కు కింద అడగండి: ఏటా ఎన్ని ఎకరాల గట్లు తీశారు, అందులో ఎన్ని తిరిగి లేచాయి, వేసవిలో నీటి ఉప్పదనం ఎంత, నాటు చేపల సర్వే చివరిసారి ఎప్పుడు చేశారు. గట్లకీ చేపలకీ జవాబు రాకపోతే, గూడబాతుల సంఖ్య ఒక్కటే చూసి మార్కులు వేయకండి.

మా ఊళ్లో నలుగురం రోజూ ఏ మావులో ఏం పడిందో నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాం. నాన్న పేర్లు చెప్తారు, నేను రాస్తాను.