పానా పిల్లల చేతికే ఇవ్వు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ప్రతి ఆదివారం కృష్ణలంక పిల్లలకు సైకిల్ తొక్కడం, రిపేరు చేసుకోవడం నేర్పుతానని రాశావు. చదివి ఆ పూటంతా సంతోషంగా ఉన్నానమ్మా. గుంటూరులో ఇన్నేళ్లు ఈ పని చేసి తెలుసుకున్నవి నీకు చెప్పాలనిపించింది.

కొత్త సైకిళ్ల కోసం అప్పుడే చందాలు అడగొద్దు. బడికొస్తా పథకంలో ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్లు ఏ ఇళ్లలో మూలన పడున్నాయో ముందు కనుక్కో. నేను చూసినవాటిలో చాలావాటికి ట్యూబు, బ్రేకు రబ్బర్లు మారిస్తే సరిపోయింది.

తొక్కడం నేర్పేటప్పుడు సీటు పట్టుకుని వెనక పరిగెత్తకు. ఎప్పుడు వదిలేస్తావోనని పిల్లలకు ఒకటే టెన్షన్. పెడల్స్ రెండూ విప్పేసి, పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా సీటు దించు. కాళ్లతో నేలను తన్నుకుంటూ కాసేపు తిరిగితే బ్యాలెన్స్ దానంతటదే వస్తుంది. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అది తెలియక బలమంతా పెట్టి మర పాడుచేస్తుంటారు.

రిపేరు దగ్గర నేనొక తప్పు చేశాను. ఒక కుర్రాడి ట్యూబు నేనే గబగబా అతికించి పంపేశాను. మర్నాడు మళ్లీ సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. ప్యాచ్ బాగానే ఉంది, టైరులో విరిగి ఉండిపోయిన తుమ్మముల్లు నేను తీయలేదు. వాడి ముఖం చూసి చాలా బాధపడ్డాను. అప్పటినుంచి పానా పిల్లల చేతికే ఇస్తున్నాను. ట్యూబుకు గాలి కొట్టి, నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో వాళ్లనే వెతకనివ్వు. తుడిచి ఆరాక గరుకు కాగితంతో రుద్దించి, ప్యాచ్ అతికించే జిగురు, అదే సొల్యూషన్, పల్చగా రాయించు. తడి మీదే ప్యాచ్ అంటించేయాలని తొందరపడతారు, ఆగమను. సొల్యూషన్ మెరుపు తగ్గి, వేలికి అంటనంతగా ఆరితేనే ప్యాచ్ పట్టుకుంటుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో టైరు లోపలంతా పాతగుడ్డతో తుడిపించు. ముల్లుంటే గుడ్డ అక్కడ తగులుకుంటుంది. పది నిమిషాల పనికి అరగంట పట్టనీ, నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు.

పానా కోసం మగపిల్లలు ముందుకొస్తారు, ఆడపిల్లలు వెనక నిలబడిపోతారు. వంతులు నువ్వే పెట్టు. చున్నీ నడుముకు బిగించి కట్టుకోమను, చైనులో చిక్కితే ప్రమాదం.

బెజవాడ ఎండ తెలిసిందేగా, పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు ఇళ్లకు పంపెయ్. బాగా కుదురుకున్నాక ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం దాకా తీసుకెళ్లు. బ్యారేజీ పొడవు కిలోమీటరు పైచిలుకే, కానీ బైకులూ ఆటోలూ తిరుగుతుంటాయి కాబట్టి ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. ముందు నువ్వుండు, చివర ఇంకో పెద్దవాళ్లు ఉండాలి. బయలుదేరే ముందు ఎవరి చక్రం వాళ్లే పైకెత్తి, తిప్పి, బ్రేకు పట్టి చూసుకోవాలి. బ్రేకు పట్టని సైకిల్ ఆ రోజు గ్రౌండ్ దాటకూడదు, ఎంత ఏడ్చినా సరే.

నా దగ్గర రెండు పంపులు, టైరు ఊడదీసే లివర్లు ఉన్నాయి. శనివారం సాయంత్రం బస్సుకు పట్టుకొస్తాను. ట్యూబు ముంచడానికి వెడల్పాటి బేసిన్ ఒకటి చూసి పెట్టు.

మీ మామయ్య