పాత సైకిళ్ళు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తాతగారి నల్ల సైకిల్‌ని అటక మీంచి దించాం. ముందుండే కంపెనీ పేరు బిళ్ళ ఊడిపోయింది. ఇంట్లోవాళ్ళు ర్యాలీ కంపెనీది అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి? (పర్లాకిమిడి)

జవాబు: ముందు చైన్‌వీల్, అంటే పెడల్ దగ్గరుండే పెద్ద పళ్ళ చక్రం, చూడండి. అందులో కొంగ బొమ్మలుంటే ర్యాలీ, చెయ్యి ఆకారం ఉంటే రడ్జ్. బీఎస్ఏ అయితే అక్షరాలే ఉంటాయి. ఫోర్కు ఒక్కో పక్కా రెండేసి సన్న గొట్టాలుగా ఉంటే హంబర్. కొంగ కనబడగానే ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ సరుకని మురిసిపోకండి, ఆసన్‌సోల్‌లోని సెన్-ర్యాలీ వాళ్ళూ ర్యాలీ పేరుతో సైకిళ్ళు చేశారు. వెనక చక్రం నడుమ స్టర్మీ-ఆర్చర్ గేరు హబ్బు ఉంటే దాని మీద సాధారణంగా సంవత్సరం, నెల కొట్టి ఉంటాయి. 56, 3 అంటే 1956 మార్చి. అయితే అది హబ్బు వయసే. ఈలోగా ఎవరైనా చక్రం మార్చి ఉండొచ్చు.

ప్రశ్న: పెడల్ తొక్కుతుంటే చుట్టుకోసారి ‘టక్’ మంటోంది. క్రాంకును (పెడల్ ఉండే కడ్డీని) ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను నట్టు బిగించినప్పుడల్లా రెండ్రోజులు బాగుంటుంది. ఈసారి మర కూడా పోయింది. (గుణుపురం)

జవాబు: నట్టుతో పిన్నును లాగుదామనుకోవడమే అసలు తప్పు. పిన్ను సుత్తిదెబ్బతో కూర్చోవాలి, నట్టు దాన్ని జారకుండా పట్టి ఉంచడానికే. బలమంతా నట్టు మీద పెడితే మర తెగుతుంది, పిన్ను మాత్రం వదులుగానే ఉంటుంది.

తీసేటప్పుడు ముందు రాత్రే రెండు వైపులా పల్చటి నూనె వేసి వదిలేయండి. పొద్దున నట్టును పిన్ను కొసతో సమానమయ్యేదాకా వదులు చేయండి, పూర్తిగా తీస్తే దెబ్బకి కొస చితికిపోతుంది. మీ నట్టు ఇప్పటికే పట్టడం లేదు గనక పిన్ను ఎలాగూ పారేసేదే, కొస చితికినా పర్వాలేదు. క్రాంకు కింద, పిన్ను తల దూరేంత బోలుగా ఉన్న ఇనపగొట్టాన్ని నేలకి ఆనించి నిలబెట్టండి. ఆపైన మర వైపు ఒక్కటే గట్టి దెబ్బ. ఆనింపు లేకుండా చిన్న చిన్న దెబ్బలు కొడితే ఆ తాకిడి ఇరుసు చుట్టూ ఉండే బాల్స్ మీద పడి, అవి తిరిగే కప్పుల్లో గుంటలు పడతాయి. తర్వాత పెడల్ గరగరలాడుతుంది.

కొత్త పిన్ను కొనేముందు పాతదాన్ని కొలవండి. ఇంగ్లీషు సైకిళ్ళకు మామూలుగా 9.5 మి.మీ. పడుతుంది. 9 మి.మీ. పిన్ను కూడా దూరుతుంది, దూరుతుంది కాబట్టే మోసం. ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో సమంగా రుద్దుతూ, ఇరుసు చదును మీద నిండుగా ఆనేదాకా పెట్టి చూడండి. రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో దిగాలి. ఒకే వైపు దిగితే క్రాంకులు ఒక గీతలో నిలవవు. ఓ ముప్పై కిలోమీటర్లు తొక్కాక మళ్ళీ ఒక దెబ్బ, ఆపైన నట్టు అర చుట్టు. ఈ రెండో దెబ్బ చాలామంది మరచిపోతారు. మెత్తటి ఇనుముతో చేసిన చవక పిన్నులైతే ఎంత కొట్టినా మళ్ళీ అణిగిపోతాయి.

ప్రశ్న: గోపాలపురం సముద్రపు గాలికి రిమ్ములు తుప్పుపట్టాయి. మొత్తం కొత్త రంగు కొట్టించమంటారా? (బరంపురం)

జవాబు: వద్దు. చేత్తో గీసిన బంగారు గీతలు, పాత ముద్రలు పోతే ఆ సైకిల్ సగం పోయినట్టే. నలిపిన అల్యూమినియం రేకును నీటిలో తడిపి క్రోమ్ మీద రుద్దండి, పైపై తుప్పు పోతుంది. ఇసుక కాగితం మాత్రం తేవద్దు. రంగు మీద మెత్తటి గుడ్డ, మైనం పాలిష్ చాలు. అసలు భయం కంటికి కనబడని చోట ఉంది: సీటు గొట్టంలోంచి వాన నీరు దిగి క్రాంకు ఇరుసు దగ్గర నిలుస్తుంది. వానాకాలం ముందు సీటు పైపు తీసి లోపల కాస్త ఇంజనాయిలు పొయ్యండి.

ప్రశ్న: కొండ దారుల్లో రాడ్ బ్రేకు సైకిల్ తొక్కవచ్చా? (రాయగడ)

జవాబు: ఎక్కేటప్పుడు పర్వాలేదు, దిగేటప్పుడే చిక్కు. ఇనప రిమ్ము తడిస్తే రబ్బర్లు జారతాయి, ముందు నీళ్ళు తుడుచుకుంటే గాని పట్టవు. వానలో ఘాట్ దిగాల్సి వస్తే దిగి నడిపించండి, చిన్నతనం కాదు. బరంపురం–గోపాలపురం లాంటి చదును దారి ఈ సైకిళ్ళకు సరిగ్గా సరిపోతుంది, అక్కడ నిటారుగా కూర్చుని తీరిగ్గా తొక్కితే ఆ సుఖమే వేరు. ఎక్కడం తేలిక కావాలంటే వెనక చక్రానికుండే 18 పళ్ళ ఫ్రీవీల్ తీసి 22ది వేయించండి. చైన్‌కు రెండు లింకులు కలపాలి. వేగం తగ్గుతుంది, మోకాళ్ళు మిగులుతాయి.

ప్రశ్న: 28 అంగుళాల టైరు దొరక్క 700సి తెచ్చాను. ఎక్కడం లేదు. (జయపురం)

జవాబు: ఎక్కదు. మీ రిమ్ముకు కావలసిన టైరు లోపలి వ్యాసం 635 మి.మీ., ఆ టైరుది 622. తిరిగిచ్చేసి 28 × 1½ అని అడగండి.