చేపల కూరతో తాగడానికి చవకలో మంచి వైన్ ఎలా ఎంచుకోవాలి?

అమలాపురంలో ఉంటున్నామని, మామూలు భోజనానికి తక్కువ ధర వైన్ కావాలని అడిగారు. దిగుమతి సీసాలను వదిలేయండి. వాటి ధరలో పెద్ద వాటా సుంకాలకే పోతుంది. అదే డబ్బుకు నాసిక్ ప్రాంతపు షెనిన్ బ్లాంక్ మేలు. పులుపుతోపాటు పండు రుచి ఉన్న ఆ తెల్ల వైన్ చింతపండు పులుసుకూ రొయ్యల వేపుడుకూ దీటుగా నిలుస్తుంది. వగరెక్కువ ఉన్న ఎర్ర వైన్ మన కారాన్ని ఇంకా మండిస్తుంది.

అసలు శత్రువు ఎండ. మే నెలంతా ఏసీ లేని దుకాణంలో నిలబడిన సీసా ఎంత పేరున్నదైనా రుచి చచ్చిపోతుంది. కార్కు పైకి ఉబ్బినా, మూత దగ్గర కారిన మరక కనిపించినా తీసుకోకండి. మరమూత ఉంటే నాసిరకమని అనుకోవద్దు, రోజువారీ వైన్‌కు అదే నయం. లేబుల్ మీద ద్రాక్ష కోసిన సంవత్సరం చూడండి. చవక తెల్ల వైన్ నిల్వ ఉంటే మెరుగుపడదు. రెండేళ్లు దాటినది నేనైతే కొనను.

‘పోర్ట్’ పేరుతో అమ్మే గోవా సీసాలు ఇంకా చవకే, కానీ భోజనంతో ఆ తీపి ఎబ్బెట్టుగా ఉంటుంది. తెరిచిన వైన్‌ను మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.