పది నెలల బాబుకి నెమ్ము, ఎక్స్‌రే తీయకుండానే మందులిచ్చారు, సరిపోతుందా?

మీరు రాసింది చదివానండి. పది నెలల బాబు, నాలుగు రోజులుగా దగ్గు, జ్వరం. పీహెచ్‌సీలో చొక్కా పైకెత్తి ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 56 వచ్చింది, నెమ్ము (న్యుమోనియా) అన్నారు, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కరిగే బిళ్లలు ఐదు రోజులకి ఇచ్చి, రెండు రోజులకి మళ్లీ రమ్మని పంపారు. ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు, ఇంజెక్షన్ లేదు, ఇంట్లో మీ అత్తయ్యగారేమో టౌన్‌కి తీసుకెళ్లమంటున్నారు. నేను ఏజెన్సీ ఏరియాలో పీహెచ్‌సీ స్టాఫ్ నర్సుని, చలికాలం వస్తే మాకు రోజూ ఇవే కేసులు. బాబు పాలు తాగుతున్నాడు, ఆడుతున్నాడు అని మీరే రాశారు కాబట్టి చెప్తున్నా, మీ వాడికి జరిగింది సరైన వైద్యమే.

ఊపిరి లెక్కపెట్టడం అంటే మిషన్లు లేక చేసే పని అనుకుంటారు చాలామంది, అది కాదండి. 1980ల్లో పాపువా న్యూగినీలోని గొరోకా ఆసుపత్రిలో ఫ్రాంక్ షాన్ అనే డాక్టర్ దగ్గుతో వచ్చిన పిల్లల్ని గమనించి, ఊపిరి వేగం చూసి నెమ్ముని పట్టుకోవచ్చని చూపించారు, డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) పద్ధతికి అదొక పునాది. మన పాత ఆదిలాబాద్ జిల్లాకి ఆనుకునే ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేసి ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలకీ మంత్రసానులకీ ఇది నేర్పారు, లెక్క రానివాళ్ల కోసం పది ఊపిరులకో పూస జరిపే పరికరం కూడా చేశారు. అలా ఊళ్లోనే గుర్తుపట్టి యాంటీబయాటిక్ ఇస్తే నెమ్ముతో పోయే పిల్లలు సగానికి పైగా తగ్గారని 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అది చదివాక ఈ పని మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

లెక్క ఇదీ. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 గానీ ఆ పైన గానీ ఉంటే, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 గానీ ఆ పైన గానీ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 గానీ ఆ పైన గానీ ఉంటే వేగంగా ఉన్నట్టే. రెండు నెలల లోపు బిడ్డైతే మాత్రం బిళ్లలిచ్చి ఇంట్లో చూసుకోవడం లాంటివి పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికే. మీరూ ఇంట్లో లెక్కపెట్టొచ్చు, బాబు ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు, నిద్రలో అయితే ఇంకా మంచిది, ఒళ్లో పడుకోబెట్టి చొక్కా ఎత్తి పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి అనుకుంటూ ఫోన్‌లో పూర్తి నిమిషం పెట్టుకోండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించేస్తే తప్పు వస్తుంది ఎందుకంటే పసిపిల్లల ఊపిరి ఒకేలా ఉండదు, కాసేపు గబగబా తీసి కాసేపు ఆగుతారు. ఒళ్లు కాలిపోతున్నప్పుడు కూడా ఊపిరి పెరుగుతుంది, జ్వరం తగ్గాక మళ్లీ చూడండి. పిల్లికూతలు వస్తుంటే మేం ముందు ఆస్తాలిన్ (ఊపిరి గొట్టాలు తెరిచే మందు) పట్టి ఆ తర్వాత మళ్లీ లెక్కపెడతాం, కొంతమందికి దాంతోనే వేగం దిగిపోతుంది, వాళ్లకి యాంటీబయాటిక్ అవసరమే పడకపోవచ్చు.

ఊపిరి వేగం కంటే నాకు ఎక్కువ భయం పుట్టించేది డొక్కలు ఎగరేయడం. ఓసారి కొండ మీది ఊరి నుంచి ఏడాదిన్నర పాపని చీరలో కట్టుకుని తీసుకొచ్చింది ఒకమ్మ, షాపులో ఇచ్చిన దగ్గు సిరప్ అప్పటికి సగం సీసా అయిపోయింది, "జ్వరం తగ్గిపోయింది మేడం, నీరసంగా ఉందంతే" అంటోంది. గౌను ఎత్తి చూస్తే ఊపిరి లోపలికి తీసుకున్న ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, ఏడ్చే ఓపిక కూడా లేదు. కాలి బొటనవేలికి పిల్లల ఆక్సీమీటర్ ప్రోబ్ పెడితే ఆక్సిజన్ 87 శాతమే చూపించింది. ఆక్సిజన్ పెట్టి, డాక్టర్ గారు మొదటి డోసు ఇంజెక్షన్లు వేయించి, 108లో ఏరియా ఆసుపత్రికి పంపించారు, పాప కోలుకుంది. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోకూడదని అందుకే అందరికీ చెప్తుంటా, జ్వరం కాదు ఛాతీ చూడాలి.

కాబట్టి మీ బాబు డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేసినా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఊరికే ఉన్నప్పుడు కూడా గొంతులోంచి గురక లాంటి శబ్దం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడు పెద్ద ఆసుపత్రికే. ఇంట్లో పెద్దవాళ్ల ఆక్సీమీటర్ ఉంటే దాన్ని బాబు వేలికి తగిలించి నంబర్ చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, చిన్న వేలికి అది సరిగ్గా పట్టదు.

ఎక్స్‌రే సంగతి అంటారా, మందు వాడినా తగ్గకపోతే, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని అనుమానం వస్తే, బిడ్డ సీరియస్‌గా ఉంటే తీస్తారు. మీ బాబు లాంటి కేసులో అది తీసినా వైద్యం మారదు, వైరస్సా బాక్టీరియానా అని కూడా అది తేల్చి చెప్పలేదు. ఇంజెక్షన్ అయితేనే పనిచేస్తుంది అనేది కూడా నిజం కాదు, తాగగలిగే బిడ్డకి నోటి మందు చాలు.

కాచి చల్లార్చిన నీళ్లు గానీ మీ పాలు గానీ చెంచాలో పోసి అందులో బిళ్ల వేస్తే కాసేపట్లో కరిగిపోతుంది, రాసిచ్చిన డోసు పొద్దున, సాయంత్రం పట్టండి. మామూలుగా మూడో రోజుకి హుషారుగా ఉంటాడు, అప్పుడే చాలామంది ఆపేస్తారు, మీరు ఐదు రోజులూ వేయండి. మధ్యలో షాపువాళ్లు ఇచ్చే అజిత్రోమైసిన్, దగ్గు సిరప్ ఏదీ కలపొద్దు. పసరు పోయడం, వాతలు పెట్టడం అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి, పసరు కాస్త ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణం మీదకొస్తుంది. పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి, కట్టెల పొయ్యి ఉన్న గదిలో పడుకోబెట్టొద్దు.

రెండు రోజులకి రమ్మన్నారుగా, బాగున్నా సరే వెళ్లండి, ఊపిరి మళ్లీ లెక్కపెట్టించుకోండి. అప్పటికీ తగ్గకపోతే టౌన్‌కి వెళ్లడంలో తప్పులేదు, అత్తయ్యగారికి కూడా ఆ మాటే చెప్పండి. వెళ్లేటప్పుడు టీకా కార్డు తీసుకెళ్లండి, తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా)తో పాటు పీసీవీ (నెమ్ము టీకా) బూస్టర్ పడిందో లేదో చూడమనండి, పడకపోతే తగ్గాక వేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఫ్రీయే.