శిక్ష మీద అప్పీలుకు మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది పలాస. నేను జీడిపిక్కల పనికి వెళ్తాను. మా ఆయన ఒడిశా మందు తెచ్చి అమ్ముతున్నారని ఎక్సైజ్ కేసు పెట్టారు. మేజిస్ట్రేట్ కోర్టు ఏడాది జైలు, జరిమానా వేసి, అప్పీలుకని నెల రోజులు బెయిల్ ఇచ్చింది. తెలిసినాయన 60 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. లేదంటే పాప సుకన్య ఖాతా మూసేద్దామా?

జవాబు: సుకన్య సంగతి మర్చిపోండమ్మా. కోర్టు ఖర్చులకని ఆ ఖాతా మూయడానికి రూల్స్ ఒప్పుకోవు. ఇక 60 వేలకు మూడు రూపాయలంటే నెలకు 1,800. అప్పీలు రెండేళ్లు నడిస్తే వడ్డీయే 43,200 అవుతుంది, అసలు అసలుగానే ఉంటుంది. తప్పనిసరైతే బ్యాంకులో బంగారం పెట్టండి, దీనికంటే చాలా తక్కువకు వస్తుంది. డ్వాక్రా లోను మాత్రం ఇందులోకి లాగొద్దు. మీ కిస్తీ ఆగితే గ్రూపులో అందరికీ టెన్షనే.

అసలు అంత డబ్బు కావాలా అన్నది ముందు తేలాలి. సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు తీర్పు రోజు నుంచి 30 రోజులు. జైలు శిక్ష పడ్డవారికి తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి. "కాపీకి ఇంత అవుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. శ్రీకాకుళం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా ప్లీడరును పెడతారు. ఫోన్ నంబరు 15100. ఆడవాళ్లకు ఆదాయం చూడరు గానీ, అప్పీలు మీ ఆయన పేరు మీద కాబట్టి ఆయన అర్హతే లెక్క. ఎస్సీ, ఎస్టీ అయితే ఆదాయంతో పనిలేదు. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది.

సొంతంగా ప్లీడరును పెట్టుకుంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకటి అడగండి: అప్పీలులో పస ఉందా? సరుకు పట్టుకున్నప్పుడు సాక్షులుగా ఉన్న మధ్యవర్తులు కోర్టులో ఏం చెప్పారు, పట్టుకున్న సరుకు శాంపిల్‌కు సీలు సరిగా ఉందా, కెమికల్ రిపోర్టు ఏమంది? వీటిలో ఏదీ తేడా లేదంటే, శిక్ష తగ్గించమని అడగడమే మిగులుతుంది. దానికి పెద్ద ఫీజు దండగని నా అభిప్రాయం. మీరు వేసిన అప్పీలులో శిక్ష పెంచడానికి లేదు కాబట్టి, ఆ భయంతో వెనకాడొద్దు. ఫీజు మొత్తం ఒకేసారి కాకుండా దాఖలుకు ఇంత, వాదనకు ఇంత అని విడగొట్టి కాగితం మీద రాయించుకోండి. "పైన నేను చూసుకుంటా" అనే మనిషికి రూపాయి కూడా ఇవ్వకండి.

జరిమానా కట్టి ఉంటే రసీదు దాచండి. అప్పీలులో శిక్ష కొట్టేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.

బండి కూడా పట్టుకుని ఉంటే దాని జప్తు ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్ దగ్గర విడిగా నడుస్తుంది, అది వేరుగా చూసుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే కిస్తీ ఆపకండి. ముందుగా తీర్పు తేదీ చూసి, ముప్పయ్యో రోజు ఎప్పుడో లెక్కేసి, ఈ వారమే న్యాయసేవ ఆఫీసుకు వెళ్లండి.