ఒక క్యాసెట్టుకు పన్నెండు పాటలు

ఈ వారం నాకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫిబ్రవరి 14 సాయంత్రం గురించే. ఏ పాటలు పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత అని. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట: 1986 నుంచి 2003 దాకా తెనాలిలో నాకు క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. పాటల పేర్లు రాసిన చీటీ, ఒక ఖాళీ క్యాసెట్ ఇస్తే మర్నాటికి రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. పెళ్లిళ్ల సీజన్లో వచ్చే చీటీలన్నీ ప్రేమ పాటలే. నాకు తెలిసిందంతా ఆ చీటీలు నేర్పిందే.

*పెళ్లయి మూడు నెలలైంది. పెద్దలు కుదిర్చిన సంబంధం. 14న ఇంట్లోనే నేను వంట చేసి, పాటలు పెడదామనుకుంటున్నాను. నాకు సిద్ శ్రీరామ్ అంటే ప్రాణం. ఆమె ఘంటసాల, సుశీల పాటలు వింటుంది. నెట్‌లో 100 ప్రేమ పాటల లిస్టు ఒకటి దొరికింది. అది పెట్టేస్తే సరిపోతుందా? టెన్షన్‌గా ఉంది.*
*ఒక పాఠకుడు, కూకట్‌పల్లి*

వంద పాటలు వద్దు బాబూ. పన్నెండు చాలు.

ఈ లెక్క నాకు క్యాసెట్ నేర్పింది. అరవై నిమిషాల క్యాసెట్‌లో సైడుకు ముప్పై నిమిషాలు. పాట నాలుగున్నర, ఐదు నిమిషాలు ఉంటుంది కాబట్టి సైడుకు ఆరు పాటలు. తొంభై నిమిషాలది అడిగినవాళ్లకు కూడా నేను అరవైదే తీసుకోమనేవాణ్ణి. తొంభై క్యాసెట్‌లో టేపు పలచగా ఉంటుంది, తొందరగా సాగుతుంది, చుట్టుకుపోతుంది. అసలు కారణం ఇంకొకటి ఉంది. ఆరు పాటలయ్యాక టేప్ రికార్డర్ మీట టక్కుమని పైకి లేచేది. గది నిశ్శబ్దమయ్యేది. ఎవరో ఒకరు లేచి క్యాసెట్ తిప్పాలి. ఆ లేచే లోపల ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. పాటలు తెగకుండా గంటలకొద్దీ మోగుతుంటే ఆ మాటకు చోటుండదు. మీరు కూడా ఆరు పాటలకో లిస్టు చొప్పున రెండు చేసుకోండి. మొదటిది అయిపోగానే రెండోది పెట్టడానికి తొందరపడకండి.

ఇక మీ ఇద్దరి ఇష్టాల సంగతి. పాతా కొత్తా ఒకదాని తర్వాత ఒకటి కలిపేయకండి. పాత రికార్డింగులు మెత్తగా వినబడతాయి, ఈ రోజుల పాటలు గట్టిగా ఉంటాయి. షాపులో రెండు డెక్కుల మధ్య కూర్చుని, మీటరులో ముల్లు ఎర్ర గీత దాటకుండా పాట పాటకూ లెవెల్ తిప్పేవాణ్ణి. మీ ఫోను అంత జాగ్రత్త పడుతుందో లేదో చెప్పలేం. సుశీల గొంతు కోసం సౌండ్ పెంచుతారు, వెంటనే కొత్త పాట బీటు గుండె మీద పడుతుంది, అన్నం కలుపుకుంటున్న మనిషి ఉలిక్కిపడుతుంది.

అందుకని మొదటి ఆరూ ఆమెవి పెట్టండి. మీరు వంటింట్లో ఉండగానే ‘పగలే వెన్నెల’ మొదలుకానివ్వండి. ‘పూజాఫలం’ (1964) లోది. సి. నారాయణరెడ్డి (సినారె) రాశారు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, జానకి పాడారు. నిన్ను ప్రేమిస్తున్నానని అందులో ఎవరూ ఎవరికీ చెప్పరు. మొదటి పాట అలాగే ఉండాలి, దీపం పెట్టినట్టు. తర్వాత ‘నన్ను దోచుకొందువటే’. ‘గులేబకావళి కథ’ (1962) కోసం సినారె రాసింది. సినిమాల్లో ఆయన తొలి అడుగు ఆ చిత్రంతోనే. ఘంటసాల, సుశీల ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. ‘మాయాబజార్’ (1957) లోని ‘లాహిరి లాహిరి’ కూడా వేయండి.

రెండో ఆరింటిని నేరుగా మీ పాటలతో మొదలుపెట్టకండి. మధ్యలో ఇద్దరిదీ కాని కాలం ఒకటి ఉంది, ఇళయరాజా, బాలు కాలం. ‘సీతాకోకచిలుక’ (1981) లో ‘మాటే మంత్రము’, ‘సాగర సంగమం’ (1983) లో ‘మౌనమేలనోయి’. రెండూ వేటూరి రాసినవే. మీ ఇంట్లో మీ అమ్మ, వాళ్లింట్లో వాళ్ల నాన్న ఈ పాటలు విని ఉంటారు, మీ ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉండి ఉంటాయి. అక్కణ్ణుంచి మీ సిద్ శ్రీరామ్ దగ్గరికి రండి. ‘గీత గోవిందం’ (2018) లో ‘ఇంకేం ఇంకేం’ ముందు, ‘అల వైకుంఠపురములో’ (2020) లో ‘సామజవరగమన’ తర్వాత. ఈ రెండో పాటకు పేరైన ఆ మాట త్యాగరాజస్వామి కీర్తనలోది. సిరివెన్నెల దాన్ని తీసుకుని ఈ కాలం అబ్బాయి నోట పెట్టారు. పాత పాటలు ఇష్టపడే మనిషికి అది తెలియని చోటులా అనిపించదు.

మీరు పంపిన వంద పాటల లిస్టు మొత్తం చదివాను. అందులో మూడింటిని తీసేయాలి. ‘గీతాంజలి’ (1989) లో ‘ఆమని పాడవే’ రోజులు దగ్గరపడ్డాయని తెలిసిన అబ్బాయి పాడుకునే పాట. ‘మూగ మనసులు’ (1964) లో ‘పాడుతా తీయగా’ భర్తను పోగొట్టుకుని వచ్చిన అమ్మాయిని ఓదార్చి నిద్రపుచ్చే పాట. ‘రోజా’ (1992) లో ‘నా చెలి రోజావే’ భార్యకు దూరంగా బందీగా ఉన్న భర్త తపన. మూడూ గొప్ప పాటలే. నేను కొన్ని వందల సార్లు రికార్డు చేసి ఉంటాను. అయితే రాగం తియ్యగా ఉంది కదా అని మాట వినకుండా పెట్టేస్తే, ఆ సాయంత్రం ఎందుకు బరువెక్కిందో ఇద్దరికీ అంతుపట్టదు. 1990లో ఒకబ్బాయి శోభనం గదికోసం తెచ్చిన చీటీలో మొదటి పాట ‘ఆమని పాడవే’. సినిమా చూశావా అంటే లేదన్నాడు, బావ చెప్పాడట. కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి రెండో చరణం దాకా వినిపించాను. తనే కొట్టేసి, అదే సినిమాలోని ‘ఓం నమః’ రాశాడు.

ఇంకొక్క విషయం. ఈ నాలుగు రోజులూ ఆమె పని చేసుకుంటూ ఏం కూనిరాగం తీస్తుందో చెవి పెట్టి వినండి. ఆ పాట మొదటి ఆరింటిలో చివర పెట్టండి. నేను ఇన్ని పేర్లు చెప్పానే, అన్నిటికంటే అదే ముఖ్యం.

*నాకు 52, మా వారికి 57. 1995లో పెళ్లయింది. పిల్లలు బయట ఊళ్లలో ఉన్నారు. ఈసారి 14న మేమిద్దరమే. ఈ వయసులో ప్రేమ పాటలు పెట్టుకుంటే ఎవరైనా వింటే ఏమనుకుంటారో అని మొహమాటం. పెళ్లైన కొత్తలో ఆయన కొనిచ్చిన ‘బొంబాయి’ క్యాసెట్ ట్రంకు పెట్టెలో ఇంకా ఉంది. టేప్ రికార్డర్ ఎప్పుడో పాడైంది. ఏం చేయమంటారు?*
*ఒక పాఠకురాలు, ఒంగోలు*

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లు ఒక క్యాసెట్ దాచుకున్నవాళ్లు మొహమాటపడటం ఏమిటి?

ముందు క్యాసెట్ బయటికి తీయండి. ఎవరిదో ప్లేయర్ దొరికిందని వెంటనే అందులో పెట్టకండి. కింది అంచున టేపు కనబడే చోట, మధ్యలో గోరంత ఫెల్టు ముక్క ఉంటుంది, చిన్న రాగి రేకు మీద. దాన్ని అంటించిన జిగురు ఇన్నేళ్లకు ఎండిపోయి ముక్క ఊడిపోతుంది. ఊడితే పాట మూగగా, దూరంగా వినబడుతుంది. టేపు మీద తెల్లటి బూజు ఉందేమో వెలుతురులో చూడండి. బూజుంటే అసలు ఆడించవద్దు. బాగానే ఉంటే చక్రంలో పెన్సిల్ దూర్చి, నిదానంగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, మళ్లీ వెనక్కి ఒకసారి చుట్టండి. ముప్పై ఏళ్లుగా ఒకదానికొకటి అతుక్కున్న టేపు వదులవుతుంది. ఈ పని మీ వారి చేత చేయించండి. ఆయనకు ఈ పని బాగా తెలిసే ఉంటుంది.

ఆడకపోయినా దిగులుపడకండి. కవరు లోపలి కాగితం మీద సైడ్ ఎ, సైడ్ బి పాటలు వరసగా అచ్చయి ఉంటాయి. ఫోనులో అదే వరసలో పెట్టుకోండి. ఈ వరస సంగతి నేను గట్టిగా చెబుతాను. ఒక క్యాసెట్‌ను ఏళ్ల తరబడి విన్నవాళ్ల చెవికి, ఒక పాట అయిపోగానే తర్వాతి పాట మొదటి బిట్టు దానంతటదే వినబడుతుంది. ఫోను దాన్ని మార్చేస్తే ఎక్కడో మెట్టు తప్పినట్టుంటుంది. వరస కుదిరితే మీరిద్దరూ ఒకేసారి ఆ బిట్టు అందుకుంటారు. ‘ఉరికే చిలకా’ మొదలవుతుందని హరిహరన్ గొంతు విప్పకముందే ఇద్దరికీ తెలిసిపోతుంది. క్యాసెట్ మాత్రం టేబుల్ మీదే ఉండనివ్వండి.

దాని తర్వాత ఒక్క పాట నా తరఫున. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) లో ‘మనసున మనసై’. శ్రీశ్రీ రాశారు, ఘంటసాల పాడారు. అగ్గిలాంటి కవి, తోడు ఒకరుంటే చాలునన్న మాట ఎంత మెత్తగా రాశారో. ఇరవై ఏళ్ల వయసులో ఆ పాట విన్నాను, బాగుందనుకున్నాను. యాభై దాటాక విన్నప్పుడు మా ఆవిడ పక్కనే పప్పు ఏరుతోంది. ఆ రోజు అది ఎవరి కోసం రాసిందో అర్థమైంది. మీ వయసులో పెట్టుకోకపోతే ఆ పాట ఇంకెవరు పెట్టుకోవాలమ్మా?

*మా క్లాసులో ఒకమ్మాయి అంటే నాకిష్టం. నేరుగా చెప్పే ధైర్యం లేదు. 14న తను చూసేలా వాట్సాప్ స్టేటస్‌లో ఒక పాట పెడదామనుకుంటున్నా. ఏది పెట్టాలి?*
*ఒక విద్యార్థి, వరంగల్*

ఏదీ పెట్టొద్దు నాయనా. స్టేటస్ క్లాసంతా చూస్తుంది. ఊహించడం మొదలుపెట్టేది ముందు వాళ్లు, ఇబ్బంది పడేది ఆ అమ్మాయి. నీకు చెప్పాలనిపిస్తే నలుగురూ లేనప్పుడు, ఆమె తేలిగ్గా లేచి వెళ్లిపోగలిగే చోట, రెండు మాటల్లో చెప్పు. వద్దంటే అక్కడితో ఆపెయ్. సరేనంటే పాటల గురించి మళ్లీ రాయి, సంతోషంగా జవాబిస్తాను.

*పాటల మధ్యలో యాడ్స్ వచ్చి మూడ్ అంతా పాడవుతోంది. ఏదైనా ఉపాయం ఉందా?*
*ఒక పాఠకురాలు, కాకినాడ*

పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఫోను ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేయండి. లేకపోతే యాడ్ పోయినా ఆఫీసు ఫోనొచ్చి స్పీకరులో మోగుతుంది. స్పీకరు టేబుల్ మీద వద్దు, కాస్త దూరంగా, గోడ వైపు తిప్పి పెట్టండి. మీరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే సౌండ్ సరిపోయినట్టే.

*నేను న్యూజెర్సీలో ఉంటాను. మావారు ఉద్యోగం వల్ల విశాఖలోనే ఉండిపోయారు. 14న ఇద్దరం కలిసి పాటలు వినాలని ఉంది. ఫోను పెట్టి ఒకేసారి ప్లే నొక్కి చూశాం, ఒకరికి ముందు, ఒకరికి వెనక వస్తోంది. దూరంగా ఉన్నవాళ్లకు పాటలు చెప్పండి.*
*ఒక పాఠకురాలు, న్యూజెర్సీ*

అలా కుదరదమ్మా. ఫోనులో గొంతు రావడానికి పట్టే కాస్త ఆలస్యానికే తాళం తప్పుతుంది. పైగా మీకూ ఆయనకూ పదిన్నర గంటల తేడా. విశాఖలో 14 రాత్రి ఎనిమిదైతే మీకు ఉదయం తొమ్మిదిన్నర. ఆయనకు వెన్నెల పాట సరిపోతుంది, మీకు కాఫీ వేళ. కలిసి వినాలన్న పట్టు వదిలేసి, ఒకరికొకరు పంపుకోండి.

పాట మాత్రం వెతుక్కోనక్కరలేదు. ‘గులాబీ’ (1995) లో ‘ఈ వేళలో నీవు’ ఉంది. సునీత పాడిన తొలి సినిమా పాట. శశిప్రీతమ్ సంగీతం, సిరివెన్నెల రచన. ఈ సమయంలో నువ్వేం చేస్తూ ఉంటావో అని ఒకమ్మాయి అనుకోవడం తప్ప అందులో ఇంకేమీ లేదు. మీ పదిన్నర గంటల తేడా కోసమే రాసినట్టుంటుంది. దానికి ముందు మీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టండి. ప్రేమ గురించి చెప్పక్కరలేదు. కిటికీలోంచి ఏం కనబడుతోందో, పొద్దున ఏం తిన్నారో చెప్పండి.

ఇది నాకు చెప్పింది దుగ్గిరాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ. భర్త కువైట్‌లో ఉండేవాడు. ఒక సైడు పాటలు, రెండో సైడు తను మాట్లాడింది రికార్డు చేయాలంది. పాటలు చేసిపెట్టాను. మైకు ఆమె ముందు పెట్టి, ఏ మీట నొక్కాలో చూపించి, ఫ్యాను ఆపేసి, షట్టరు సగం దించి బయటికొచ్చాను. ఎదురు బంకులో టీ తాగాను, ఇంకో టీ తాగాను. అరగంట తర్వాత మీట టక్కుమన్న చప్పుడు రోడ్డు మీదికి వినబడింది. లోపలికి వెళ్తే చీర కొంగుతో చెమట తుడుచుకుంటోంది. సరిగ్గా పడిందో లేదో వినిపించమంటారా అన్నాను, వద్దంది. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, అవి విరిచేస్తే దాని మీద మళ్లీ ఎవరూ రికార్డు చేయలేరు. రెండూ విరిచి, పెట్టెలో పెట్టి ఆమె చేతికిచ్చాను.