గుల్‌మార్గ్ గొండోలా ఎక్కే ముందు

తిరుపతి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జమ్మకు మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. అమ్మనూ నాయననూ కాశ్మీర్ తీసుకెళ్లి గుల్‌మార్గ్‌లో గొండోలా అనే కేబుల్ కార్ ఎక్కించాలనుకున్నావు. చాలా సంతోషం తల్లీ. మా చెల్లెలు పెళ్లయి చిత్తూరు వచ్చాక చేసిన ప్రయాణాలు కాణిపాకం, తిరుమల, ఒకటి రెండుసార్లు అరుణాచలం. అంతే. మంచు కొండను కళ్లారా చూడాలని ఎన్నేళ్లుగా అంటోందో నాకు తెలుసు.

కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. శ్రీనగర్‌లో దిగిన మర్నాడే గుల్‌మార్గ్, ఆ సాయంత్రమే వెనక్కి, ఆ మర్నాడు పొద్దున్నే పహల్గామ్. వయసులో ఉన్నవాళ్లకు అది సరిపోతుందేమో. అరవై దాటిన ఇద్దరిని వెంటబెట్టుకుని పోయేటప్పుడు అట్లా కుదరదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే ఉత్తరం రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

అన్నిటికంటే ముందు, గుల్‌మార్గ్ కోసం ఒక ఖాళీ రోజు పెట్టుకో. మిగతావి ఎన్ని తగ్గించుకున్నా ఫరవాలేదు, ఇది మాత్రం తగ్గించవద్దు.

నేను రిటైరైన ఏడాది మీ అత్తా నేనూ ఒక టూర్ వాళ్లతో పోయాం. వాళ్లు గుల్‌మార్గ్‌కి ఇచ్చింది ఒకే ఒక్క పూట. మేం పోయేసరికి మబ్బు కమ్ముకుంది, గాలి మొదలైంది. ఆ కేబుల్ కార్ రెండు దశల్లో పైకి పోతుంది. మొదటి దశ వరకు ఎక్కాం. రెండో దశ ఆపేశారు. మధ్య స్టేషన్‌లో చలికి వణుకుతూ రెండు గంటలు నిలబడ్డాం, ఇప్పుడు తెరుస్తారు, అప్పుడు తెరుస్తారు అని. తెరవలేదు. మర్నాడు పొద్దున బస్సు పహల్గామ్ దారి పట్టింది. కిటికీలోంచి వెనక్కి చూస్తే ఆకాశం కడిగినట్టుంది, ఆ కొండలన్నీ ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. మీ అత్త ఏమీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటే చూస్తూ కూర్చుంది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ మా అంతట మేమే పోయి, గుల్‌మార్గ్‌లోనే రెండు రాత్రులు ఉన్నాం. మొదటి రోజు వాన. రెండో రోజు పొద్దున్నే ఆకాశం విచ్చుకుంది. అప్పుడు ఎక్కాం.

గాలికి ఆపారని అక్కడి సిబ్బంది మీద విసుక్కునేవాళ్లను చూశాను. అట్లా చేయొద్దు. 2017 జూన్‌లో పెనుగాలికి చెట్టు విరిగి తీగల మీద పడి, క్యాబిన్ కిందికి జారి ఏడుగురు చనిపోయారు. వాళ్లు ఆపారంటే మన మంచికే ఆపారనుకో.

ఇక ఎత్తు సంగతి. నీకు తెలిసిన కొండలతో చెబుతాను. మన తిరుమల సుమారు 2,800 అడుగులు. హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల పైచిలుకు. శ్రీనగర్ ఊరే అయిదు వేల అడుగులు దాటి ఉంది. గుల్‌మార్గ్ 8,700. గొండోలా మొదటి దశలో కొంగ్‌డోరి అనే చోట దిగుతారు, అది పదివేలు. అక్కడ క్యాబిన్ మారి రెండో దశ ఎక్కితే అఫర్వత్ కొండ మీద దాదాపు 13 వేల అడుగుల దగ్గర దింపుతుంది. ఒక్కో దశ పది నిమిషాల వ్యవహారం. అంటే కాఫీ తాగి వచ్చినంత సేపట్లో తిరుమల కొండంత కంటే ఎక్కువ ఎత్తు ఎక్కేస్తాం. కాళ్లకు శ్రమ ఉండదు కాబట్టి ఒంటికి ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మెట్లెక్కి పోయేవాడికి ఆయాసమే చెబుతుంది, ఆగమని. కేబుల్ కార్‌లో అట్లా చెప్పేది ఏదీ ఉండదు. ఆ పైన మనం పీల్చే ఒక్కో శ్వాసలో దొరికే ప్రాణవాయువు మన ఊళ్లో దొరికేదాంట్లో మూడింట రెండొంతుల కంటే తక్కువ.

మీ నాయనకు రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు కదా. అందుకని టికెట్లు కొనకముందే గుండె డాక్టర్ దగ్గరికి పోయి, 'కాశ్మీర్ పోతున్నాం' అని కాదు, '13 వేల అడుగుల ఎత్తుకు పది ఇరవై నిమిషాల్లో పోతున్నాం' అని అడుగు. రెండింటికీ డాక్టర్ చెప్పే జవాబు వేరు. కొండ ఎత్తుకు మందు బిళ్లలున్నాయని ఎవరో ఒకరు చెబుతారు. డాక్టర్ రాయకుండా అవి వేయొద్దు. దారిలో అమ్మే ఆక్సిజన్ డబ్బాలు కొనుక్కుంటే కొనుక్కో, వాటినే నమ్ముకుని పైకి మాత్రం పోవద్దు. ఆ ఎత్తులో ఒంట్లో బాగోలేకపోతే అసలు మందు వెంటనే కిందికి దిగడం. డాక్టర్ మొదటి దశ చాలంటే మొదటి దశే చాలు. కొంగ్‌డోరి నుంచి కూడా కొండలు కనిపిస్తాయి, కింద పచ్చిక మైదానం మొత్తం కనిపిస్తుంది, అక్కడే కూర్చుని వేడి కహ్వా, అదే కాశ్మీరీ టీ, తాగొచ్చు. మా రెండో ప్రయాణంలో అక్కడ కూర్చున్న గంటే ఇప్పటికీ మీ అత్త చెప్పుకుంటుంది, పైన ఉన్న ఇరవై నిమిషాల మాట ఎత్తదు.

ఇంకొక పని చేద్దాం. ముందు మీ అమ్మానాయనలను షోళింగర్ తీసుకుపోదాం. ఘటికాచలం నరసింహస్వామి కొండకు 1,305 మెట్లు కదా, మోకాళ్ల వల్ల మీ అమ్మ ఆ దర్శనం ఎప్పుడో వదిలేసుకుంది. 2024 మార్చి నుంచి అక్కడ రోప్‌వే నడుస్తోంది. చిత్తూరుకు దగ్గరే, పొద్దున పోతే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. దర్శనం అవుతుంది. మీ అమ్మకు గాల్లో వేలాడితే భయమా, కళ్లు తిరుగుతాయా అన్నదీ తేలిపోతుంది. అక్కడ భయపడితే, గుల్‌మార్గ్‌లో అన్ని వేలు పోసి టికెట్ కొన్నాక భయపడటం కంటే మేలే కదా. చేతిలో సంచి, పండ్లు పట్టుకోవద్దని ముందే చెప్పు, అక్కడ కోతులు లాక్కుపోతాయి. కార్తీకంలోనూ ఆదివారాల్లోనూ వద్దు, జనం తోపులాట.

క్యాబిన్ ఎక్కడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు తడబడేది అక్కడే. గుల్‌మార్గ్ గొండోలా క్యాబిన్ స్టేషన్‌లోకి వచ్చి పూర్తిగా ఆగదు. నడకంత వేగంతో మెల్లగా కదులుతూనే ఉంటుంది, తలుపు తెరుచుకుంటుంది, ఆ కాసేపట్లో ఎక్కాలి. ఒక్కో దాంట్లో ఆరుగురు కూర్చోవచ్చు. ముందు అల్లుణ్ణి ఎక్కించు, లోపలి నుంచి చెయ్యి అందిస్తాడు. తర్వాత మీ అమ్మ. వెనక నువ్వు. చేతిలో ఏమీ ఉండకూడదు, సంచులన్నీ భుజానికి. దిగేటప్పుడూ అంతే. తొందరపడితే కాలు మెలికపడుతుంది, కంగారు లేదని చెప్పి నిదానంగా దింపు. లోపల కూర్చున్నాక స్తంభం దగ్గరికి వచ్చినప్పుడల్లా పైన గడగడమని చప్పుడవుతుంది, క్యాబిన్ కొంచెం ఊగుతుంది. ముందే చెప్పి ఉంచు, 'ఇప్పుడు చప్పుడొస్తుంది' అని. స్తంభం దాటాక ఏ శబ్దమూ ఉండదు. కింద పైన్ చెట్ల కొసలు మన కాళ్ల కిందుగా వెనక్కి పోతుంటాయి, వాటి మధ్యన గుజ్జర్లనే పశువుల కాపరుల మట్టి ఇళ్లు, కప్పు మీద గడ్డి మొలిచి. ఆ నిశ్శబ్దం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ముప్పై ఏళ్లు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపాను. మలుపు తిరిగే ముందు అద్దంలో వెనక సీట్ల వాళ్ల మొహాలు చూసుకునేవాణ్ణి. కడుపులో తిప్పే మనిషి మొదట చేసే పని మాట్లాడటం మానేయడం. ఆ తర్వాతే మొహం పాలిపోతుంది. పైకి పోయాక నువ్వు కొండల్ని తర్వాత చూడు, ముందు మీ నాయన్ని చూడు. ఆయన మాటకారి. ఆయన ఊరుకున్నాడంటే ఏదో అయినట్టే. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నడకలో తూలడం, ఇందులో ఏది కనిపించినా ఫోటోలు, వీడియోలు అన్నీ వదిలేసి కిందికి దింపేయ్. 'ఇంతదూరం వచ్చాం కదా, ఇంకో పది నిమిషాలు' అని ఆయనే అంటాడు. వినొద్దు.

ప్రయాణం నెమ్మదిగా పెట్టుకుంటే ఒళ్లు అలవాటు పడుతుంది. శ్రీనగర్‌లో రెండు రాత్రులు ఉండు. దాల్ సరస్సు, మొఘల్ తోటలు చూసుకుంటూ నిదానంగా తిరగండి. తర్వాత గుల్‌మార్గ్‌కి మారి రెండు రాత్రులు. శ్రీనగర్ నుంచి అది సుమారు యాభై కిలోమీటర్లు. మీ నాయనకు విమానం పడదంటే జమ్మూ దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి కట్రా చేరి, కట్రా నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ ఎక్కొచ్చు, 2025 జూన్‌లో మొదలైంది. అందులో పోతే చీనాబ్ వంతెన చూడొచ్చు. నది మీద 359 మీటర్ల ఎత్తున ఉంది. అయితే తిరుపతి నుంచి జమ్మూ అంటే రైల్లో రాత్రులకు రాత్రులు గడపాలి, మీ అమ్మ నడుముకు అది కష్టం. నా మాటైతే బెంగళూరు నుంచి విమానమే మేలు.

ఏ నెలలో అన్నావు. మే చివర, జూన్ మంచివి. కింద పచ్చిక ఉంటుంది, పైన అఫర్వత్ మీద ఇంకా మంచు మిగిలి ఉంటుంది. సెప్టెంబర్‌లో ఆకాశం తేటగా ఉంటుంది గానీ మంచు అంతగా దొరకదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వద్దే వద్దు, అది మంచు మీద జారే కుర్రవాళ్ల కాలం. ఏ నెలైనా పొద్దున మొదటి గంటల్లోనే ఎక్కేయాలి. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు చేరతాయి. పొద్దున తేటగా ఉంటే దూరంగా నంగా పర్బత్ కనిపిస్తుంది, 8,126 మీటర్ల కొండ, నియంత్రణ రేఖ అవతల, పాకిస్తాన్ చేతిలో ఉన్న వైపు ఉంది. నేను చూశాను. మొదట తెల్లటి మబ్బనుకున్నాను. ఎంతసేపటికీ కదలకపోతే అప్పుడు తెలిసింది కొండని.

టికెట్లు ఆన్‌లైన్‌లో జమ్మూ కాశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ వాళ్ల సొంత సైట్‌లోనే కొను. సీజన్లో రెండో దశవి ముందే అయిపోతాయి. ఆధార్‌లో ఉన్న పేరే టికెట్ మీద ఉండాలి. 'అన్నీ అయిపోయాయి, నేను ఇప్పిస్తా' అని వచ్చేవాళ్లుంటారు. మొదటిసారి పోయినప్పుడు అట్లాంటి ఒకతనికి నేను రెట్టింపు డబ్బు ఇచ్చి మోసపోయాను. బండి దిగిన దగ్గర్నుంచి గుర్రాలవాళ్లు, గైడ్‌లు చుట్టుముడతారు. వాళ్లకూ అదే బతుకుదెరువు, కసురుకోవద్దు. గైడ్ లేకపోయినా గొండోలా ఎక్కొచ్చు. మీ అమ్మకు నడక కష్టమైతే ఏదో ఒకటి మాట్లాడుకో, ఎక్కకముందే రేటు తేల్చుకో.

నీ ఫోన్ ప్రీపెయిడ్ అయితే అక్కడ పనిచేయదు, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో నడవవు. ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి.

బట్టల విషయంలో మీ అమ్మతో కాస్త గట్టిగా మాట్లాడాలి. చీర మీదే వస్తానంటుంది. కుచ్చిళ్లు మంచులో తడిస్తే ఇక ఆ చలి ఒంట్లోంచి పోదు. కింద ఉన్ని ప్యాంటు, పైన చుడీదార్, ఒకే లావు స్వెటర్ బదులు పల్చటివి రెండు మూడు ఒకదాని మీద ఒకటి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, గుల్‌మార్గ్‌లో హాయిగా ఉందని స్వెటర్ గదిలో వదిలేస్తే పైన ఏడుపే. చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు, నల్ల కళ్లద్దాలు. మంచు మీద ఎండ కళ్లకు గుచ్చుకుంటుంది. బూట్లు దారిలో టంగ్‌మార్గ్‌లో అద్దెకిస్తారు, కొనక్కర్లేదు.

తినడానికి నిప్పట్లు, మురుకులు మీ అత్త చేసి పంపుతుంది. ఎక్కే రోజు పొద్దున తక్కువ తినండి, నీళ్లు మాత్రం బాగా తాగాలి. బాత్‌రూమ్ పని కింద స్టేషన్‌లోనే ముగించుకొని ఎక్కండి, పైన వెతుక్కోలేరు.

గుల్‌మార్గ్‌కి పూర్వం గౌరీమార్గ్ అని పేరు. మీ అమ్మకు ఇది ఇప్పుడే చెప్పొద్దు, అక్కడ పచ్చికలో కూర్చున్నాక చెప్పు.

నాయన గుండె రిపోర్టు, డాక్టర్ ఏమన్నాడో రెండూ నాకు వాట్సాప్‌లో పెట్టు. అప్పటిదాకా టికెట్ కొనవద్దు. వచ్చే బుధవారం నువ్వు సెలవు పెట్టి చిత్తూరు వస్తే షోళింగర్‌కి కారు నేనే తీస్తాను. పొద్దున ఆరింటికల్లా మీ ఇంటి ముందుంటాను, మీ అమ్మను కాఫీ తాగి సిద్ధంగా ఉండమను.

మీ మామ